కౌజుపిట్ట చెప్పిన తేడా

ఒక అడవి మడుగు ఒడ్డున చుక్కమ్మ అనే కౌజుపిట్ట ఉండేది. అడవి తమ జాతిదేనన్న తోడేళ్ళు ఒకప్పుడు, కాదన్నందుకు ఆమె మొగుణ్ణి చంపేశాయి. ఆ తోడేళ్ళ పీడ విరగడయ్యాక కొంగలు వచ్చాయి. మబ్బుదేవుడికి మొక్కకుండా నీళ్ళు తాగితే మహాపాపమన్నాయి. ఒకనాడు దాహానికి ఆగలేక చుక్కమ్మ కూతురు మొక్కకుండానే మడుగులో ముక్కు ముంచింది. కొంగలు దాన్ని పొడిచి చంపి, ఆకాశానికి దణ్ణం పెట్టాయి.

చుక్కమ్మ బిడ్డమీద ఎండుటాకులు కప్పుతుంటే, పై కొమ్మమీద కాకి, గోరింక వాదులాడుకుంటున్నాయి.

"వీళ్ళూ ఆ తోడేళ్ళూ ఒకటే. ఎదురు చెబితే చావే కదా!" అంది కాకి.

"ఎలా ఒకటవుతారు? వాళ్ళకు కావలసింది పెత్తనం. వీళ్ళది దారి తప్పిన భక్తి," అంది గోరింక. "రెండూ చూసినదానివి, నువ్వే చెప్పు చుక్కమ్మా."

చుక్కమ్మ తలెత్తింది.

"చంపడంలో నాకేం తేడా కనబడలేదమ్మా. మా ఆయన పోయిననాడు ఇరుగుపొరుగు చాటుగానైనా వచ్చి నాతో ఏడ్చారు. ఇవాళ నా బిడ్డే పాపం చేసిందనుకుని, దూరం నుంచే దణ్ణం పెట్టుకుని పోయారు."

"మేమొచ్చాం కదా..." అనబోయింది కాకి. ఇంతలో కొంగల రెక్కల చప్పుడు వినబడింది. కాకీ గోరింకా ఎగిరిపోయాయి.

చుక్కమ్మ ఒక్కతే కూర్చుని ఏడవడం మొదలుపెట్టింది.