నూట పదమూడు విమానాలు

“కిటికీలేవి?” అంది ఇంజనీరమ్మ, టేపు పట్టుకున్న చేతిని గోడ మీదే ఆపి.

అది పాత యుద్ధకాలపు విమానాశ్రయం టవరు. దూరం నుంచి చూస్తే పైన నాలుగు కిటికీలు కనిపించాయి. దగ్గరికొస్తే కిటికీలు లేవు. గోడ మీద పెచ్చులూడిన నల్లరంగు చతురస్రాలున్నాయి.

తాత గొంతు సవరించుకున్నాడు. “ఇక్కడ గాలెక్కువమ్మా.”

“గాలికి జడిసేవాళ్లా యుద్ధం చేసింది!” అంది వెనక నుంచి మామ్మ.

యుద్ధం ముగిసి నలభై ఏళ్లయింది. ఇప్పుడు ఈ మైదానం మీదుగా కొత్త రోడ్డు వేస్తారు. మిగిలిన మూడు కట్టడాల్లో ఉంచదగ్గదేమైనా ఉందేమో చూసి, సాయంత్రంలోగా కాగితం నింపి ఇమ్మని ఆఫీసువాళ్లు ఇంజనీరమ్మను పంపారు. ఊళ్లో ఎవరినడిగినా నవ్వుతూ ఒక్కరినే చూపించారు, ‘విమానాల వడ్రంగి’ని. ఇక్కడ పనిచేసినవాళ్లలో బతికున్నది ఆయనొక్కడే. ఆ రోజుల్లో చెక్క విమానాలుండేవని చదివింది కాబట్టి, ఇందులో నవ్వేందుకేముందో ఆమెకు తెలియలేదు.

తాత కోరిక ఒక్కటే. తన వడ్రంగి కొట్టం నిలవాలి. అందుకే పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. నిజం చెప్పాలంటే ఆయన వెంటబెట్టుకు రాలేదు, ఆవిడే వచ్చింది.

రన్‌వే మీద ఇంజనీరమ్మ అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచింది. రెండు వందలు దాటకుండానే సిమెంటు అయిపోయి గడ్డి మొదలైంది.

“మిగతాది ఏమైంది తాతా?”

“అంతే వేశారమ్మా.”

“పెట్రోలు ట్యాంకులు?”

“రెండు పీపాలుండేవి. సరిపోయేవి.”

ఆమె కాగితం మీద ‘చాలా చిన్నది’ అని రాసుకుంది. తాత ఓరగా చూసి, పొడి అక్షరాలు కూడబలుక్కుని, నిట్టూర్చాడు.

రెండో కట్టడం మైదానం చివర, నేలలోకి దిగి ఉంది. మూరెడు మందం కాంక్రీటు. లోపల గోడ పొడవునా తుప్పుపట్టిన మీటలు, ఒక బల్ల, పిట్టగూడు.

“విమానాల దగ్గర్నుంచి ఇంత దూరమా?”

“ప్రాణం తీపి కదమ్మా!” అంది మామ్మ.

“శత్రువుల చప్పుడు వినపడగానే ఇందులో దూరేవాళ్లం. దూరి, ఆ మీటలు తిప్పి, మైదానంలో దీపాలన్నీ...” అంటూ తాత ఆగిపోయాడు.

“ఆర్పేసేవారు,” అని ఇంజనీరమ్మ రాసుకుంది.

తాత దగ్గాడు. దగ్గి, పిట్టగూట్లో గుడ్లున్నాయేమోనని చూశాడు.

“ఒకసారి మనవాడే ఒకడు దిగాడమ్మా,” అన్నాడు, మొహం వెలుగుతుండగా. “దిగాల్సింది పట్నం పక్కన ఉన్న పెద్ద విమానాశ్రయంలో. ఇక్కడ దిగి, బురదలో ముక్కుగుద్దుకుని, బయటికొచ్చి మమ్మల్ని బండబూతులు తిట్టాడు. మర్నాడు మా ఆఫీసరు నా భుజం తట్టి సిగరెట్టు పెట్టె ఇచ్చాడు.”

“విమానం పాడైతే సిగరెట్లా?”

“పెట్టెడు,” అన్నాడు తాత గర్వంగా.

“చూశావా అమ్మా, వీళ్ల వరస!” అంది మామ్మ బయటికొచ్చి, మైదానం వైపు చెయ్యి చూపిస్తూ. “ఆ గుంటలన్నీ బాంబులు పడ్డవే. ఏం లాభం ఈ మైదానం మీద వేసి? మాది పట్నం. మిల్లులున్నాయి, రైలు స్టేషనుంది, పెద్ద విమానాశ్రయముంది. నాకు పెళ్లి కాకముందు మాట. మా మీద ఒక్కటంటే ఒక్కటి పడలేదు. గురి చూడ్డం చేతకాని సన్నాసులు ఆ శత్రువులు!”

బాంబు గుంటల్లో నీళ్లు నిలిచి బాతులు ఈదుతున్నాయి. తాత వాటిని తృప్తిగా చూశాడు.

చివరికి కొట్టం చేరారు. రేకులు ఎగిరిపోయినా పని బల్ల గట్టిగానే ఉంది. దాని మీద కూర్చుని ముగ్గురూ ఉడకబెట్టిన గుడ్లు తిన్నారు. గోడ నిండా పెన్సిలు గీతలు, వాటిలో చాలా వాటికి అడ్డంగా కొట్టివేతలు.

“ఏమిటివి?”

“నేను చేసిన విమానాలు. నూట పదమూడు.”

“మంచం కోడు మార్చడానికి మాత్రం మూడు నెలలు!” అంది మామ్మ.

“కొట్టేసినవి?”

“బాంబులు పడి పోయినవి.” ఆ గీతల్ని ఆయన బహుమతులొచ్చిన పిల్లల తల నిమిరినట్టు వేలితో నిమిరాడు.

“అయ్యో, వాటిలో ఎంతమంది పోయారు?”

“ఒక్కడూ పోలేదు తల్లీ.”

ఇంజనీరమ్మ కలం మూసింది. “ఇక్కడి నుంచి ఎగిరిన పేరున్న పైలట్ ఒక్కడున్నా ఉంచమని రాస్తాను తాతా. ఎవరెగిరారు? ఎన్నిసార్లు?”

తాత బల్ల మీది గుడ్డు పెంకులు ఏరసాగాడు.

“ఏమీ చెప్పకపోతే నేనేం రాయను? వచ్చే సోమవారం కూల్చేస్తారు.”

“చెప్పనని సంతకం పెట్టానమ్మా. ఇంట్లో కూడా చెప్పనని.”

“సంతకం పెట్టించుకున్న ఆఫీసరు పోయి పదేళ్లయింది,” అంది మామ్మ. ఈసారి గొంతులో వెక్కిరింత లేదు. “ఊరంతా నవ్వుతుంటే నేనూ నవ్వాను. అంత చెప్పకూడనిది ఏముందయ్యా?”

తాత ఆ గీతల్ని ఒకసారి చూసుకున్నాడు. గుడ్డు పెంకులు పొట్లం కట్టి జేబులో పెట్టుకున్నాడు. ఇంజనీరమ్మ వైపు కాదు, భార్య వైపు తిరిగాడు.

“అవి బొమ్మ విమానాలే, మీ పట్నానికి పోయే బాంబులకి ఎర.”