ఆకలి చంపే మాత్రలు

“దిగొద్దు. ఇంకోసారి చూడనీ,” అన్నాడు బుడేన్ సాబ్.

శనక్కాయ మూటలు తూచే పెద్ద త్రాసులో, ఒక తట్టలో అతని భార్య జుబేదాబీ కూర్చుని ఉంది. హమాలీలను బయటికి పంపి మండీ తలుపులు మూశారు. రెండో తట్టలో పోయిన నెల పెట్టిన రాళ్లే పెట్టారు. ముల్లు నిటారుగా నిలబడింది.

“ఒక సేరన్నా తగ్గలేదే డాక్టరు సారూ! అనంతపురం నుంచి తెచ్చిన మాత్రలు ఏమైనట్ల?”

“ఆకలి చంపే మాత్రలండీ అవి. ఏనుగైనా తిండి మానెయ్యాలి,” అన్నాడు డాక్టరు. “రోజూ వేసుకుంటున్నారా అమ్మా?”

“కదిరమ్మే చేతికిస్తాది. నీళ్లతో మింగతాండా.”

అందరూ వంటమనిషి కదిరమ్మ వైపు చూశారు. ఆమె చంకలో పసికూతురు వేలు చీకుతూ ఉంది.

“ఇస్తాండానయ్యా,” అంది కదిరమ్మ. తన గొంతు తనకే ఎక్కడో దూరంగా వినిపించింది.

“మందు పనిచేస్తే వండేది సగమైతాది అనుకుంటి,” బుడేన్ సాబ్ విసుక్కున్నాడు. “వాన లేదు, కాయ లేదు. ఈ కరువులో గూడా రోజూ అదే గిన్నె!”

ఆ గిన్నె అడుగున మిగిలేదే కదిరమ్మ బిడ్డకు కూడు. అందుకే మాత్రలు వచ్చిన రోజే వాటిని పొయ్యిలో పోసింది. బియ్యప్పిండి తడిపి, చిన్న బిళ్లలు వత్తి, మిద్దె మీద ఎండబెట్టి సీసా నింపింది.

“అమెరికాలో అయితే కడుపు కోసి పేగును పొట్టి చేస్తున్నారట,” అన్నాడు డాక్టరు. “తిన్నది ఒంటికి పట్టదు.”

“కోస్తే బతుకుతారా?” అడిగాడు బుడేన్ సాబ్.

“కొందరు.”

జుబేదాబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఏదీ, ఆ సీసా పట్టుకురా,” అన్నాడు డాక్టరు కదిరమ్మతో.

కదిరమ్మ తెచ్చింది. దొరికిపోతే ఈ గడప తొక్కనివ్వరని తెలుసు. అయినా భయం వేయలేదు. చేతులు ఎవరివో అన్నట్టు సీసా అందించాయి. డాక్టరు ఒక మాత్ర అరచేతిలో వేసుకుని వెలుతురుకు పట్టాడు. గోటితో గీకాడు. పొడి రాలింది.

“ఇదేమిటి, ఇలా...”

రాళ్ల తట్ట ధడేలున నేలకు కొట్టుకుంది. త్రాసు దిగి వచ్చిన జుబేదాబీ ఆ మాత్ర లాక్కుని గుటుక్కున మింగింది. సీసా కూడా లాక్కుంది.

“సూడండప్పా, మీ కండ్ల ముందరే మింగినా. నమ్మకం లేకుంటే రోజూ వచ్చి సూసిపోండి!”

డాక్టరు తెల్లబోయాడు. బుడేన్ సాబ్ తల దించుకున్నాడు.

“నమ్మకం లేక కాదమ్మా. కొందరి ఒంటికి మందు పట్టదు. రేపటి నుంచి పూటకు రెండు వేసుకోండి,” అని డాక్టరు సంచి సర్దుకున్నాడు.

వంటింట్లో కదిరమ్మ గిన్నె ముందు ఊరికే నిలబడి ఉంది. అన్నం తీసి బిడ్డకు పెట్టాలన్న సంగతి కూడా తోచలేదు. జుబేదాబీ వచ్చి మూత తీసింది. ఒక ముద్ద మెత్తగా పిసికి బిడ్డ నోట్లో పెట్టింది. సీసాను అలమరలో దాని చోట పెట్టి, కొంగుకు చెయ్యి తుడుచుకుంది.

“పూటకు రెండు మింగల్లంట. కొంచెం చిన్నవి చెయ్యే కదిరీ, గొంతుకు అడ్డం పడతాండాయి.”