బాబాయి సంతకం

"పెట్టను. ఇంకో ఏడాది పోనీ, చూద్దాం" అంటూ బాబాయి పెళ్లి అనుమతి కాగితం పక్కకు తోసేశాడు.

 అమ్మాయి ఎడమ చెయ్యి చేతిసంచిలోకి ఇంకాస్త దూరింది. ఆ చేతి వేలికి ఉంగరం ఉంది మరి!

"నువ్వు ట్రస్టీవి బాబాయ్, ఓనర్‌వి కాదు" అంది. "పెళ్లికి ముందు నీ అనుమతి తీసుకుంటే ఇల్లు నాది, లేకపోతే మీ అబ్బాయిది. నాన్న పోతూ పోతూ వీలునామాలో అలా రాశాడు. పెళ్లికొడుకులో వంక ఉంటే చెప్పు. కొడుక్కి ఇల్లు దక్కాలని ఊరికే కాదన్నావనుకో, కోర్టు నిన్నే తీసేస్తుందట."

"అబ్బో! ఎవరు చెప్పారో?"

"లాయరుగారు."

బాబాయి మూతి ముడిచాడు. అమ్మాయికి లోపల నవ్వు ఆగడంలేదు. పెళ్లి పొద్దున్నే అయిపోయింది! రిజిస్ట్రారు ఆఫీసులో పిన్నే సాక్షి. పెళ్లికొడుకు కంగారులో ఉంగరం మరిచిపోతే పిన్ని తన వేలిది తీసి ఇచ్చింది. "బాబాయి చేత సంతకం నేను పెట్టిస్తాగా! ముందు పెళ్లి కానివ్వు. సంతకమంటూ ఉంటే ముందా, వెనకా అని ఎవరు చూస్తారే పిచ్చిమొహమా" అని తొందరపెట్టిందీ, చెదిరిన జుట్టు సర్దిందీ పిన్నే.

ఇప్పుడూ పిన్నే కాఫీ కప్పులతో వచ్చింది. "ఏమండీ, దాని బుంగమూతి చూడలేకపోతున్నాను. పెట్టేద్దురూ!"

"నువ్వూ దాని పక్షమేనా?"

"కన్నకూతురైతే ఏడిపిస్తారా?"

బాబాయి బరువుగా నిట్టూర్చి పెన్ను తెరిచాడు. వంక పెట్టకుండా ఒప్పుకుంటున్నట్టు రాసి, సంతకం చేసి, తేదీ వేశాడు. తలెత్తి గోడగడియారం చూసి, టైం కూడా వేశాడు.

సంబరంలో అమ్మాయి వేలు సంచిలోని కాలింగ్ బెల్ మీద పడింది. కిచకిచ, కిచకిచ! వస్తూ వస్తూ దారిలో పెళ్లికొడుకూ తనూ కలిసి కొన్న పిట్ట బెల్లు అది. నాన్న ఇంటి నీలం తలుపుకి ఎడమవైపు పెట్టాలని తను, కుడివైపని అతను. వీధి చివర స్కూటరు మీద కూర్చుని అతను ఇంకా కుడివైపే అనుకుంటూ ఉంటాడు, పాపం. పోనీ, కుడివైపే పెట్టుకోనీ!

"టైం కూడా దేనికి బాబాయ్? నేనేమైనా రైలా?" అంది నవ్వుతూ.

 బాబాయి పెన్నుకి మూత పెట్టుకున్నాడు.

పిన్ని వచ్చి పక్కన కూర్చుంది. అమ్మాయి ఎడమ చేతిని మెల్లగా సంచిలోంచి బయటికి తీసి, తన ఉంగరం తను లాక్కుంది.

"కోర్టులో చెప్పాలి కదమ్మా, మీ బాబాయి కాదనలేదు, నువ్వే మధ్యాహ్నందాకా ఆగలేకపోయావని."