డేటా వంతు

“ఇష్రత్, మా అమ్మాయి అపర్ణ ఫోన్ నంబర్ ఒక్కటి ముందుకి జరుపమ్మా! కౌన్సెలింగ్ పేజీ తెరుచుకోవట్లేదు. కాలేజీ ఆప్షన్లు పెట్టడానికి ఇంకో గంటే ఉంది.”

కర్లపాలెం శివార్లలోని కొత్త ఇంటి నుంచి మేనేజర్ నాగార్జున ఫోన్ అది. తెనాలి సెల్ కంపెనీ ఆఫీసులో ఇంజినీరు ఇష్రత్ తాపీగా కుర్చీలో వెనక్కి వాలింది. ఇలాంటి ఫోన్ కోసం ఆమె ఏడాదిగా కాచుకుని ఉంది.

“కుదరదండి. టవర్ దగ్గరి వాళ్లకే ముందు డేటా, మిగిలితేనే దూరపు వాళ్లకి. ఆ ఆర్డరు మీదే.”

“పిల్ల ఏడుస్తోందమ్మా!”

“పోయినేడు రేపల్లె పక్క పల్లెలో మా చెల్లి నస్రీన్ కూడా ఏడ్చింది సార్. పేజీ తెరుచుకోలేదు. సీటు పోయింది.”



“ఆ ఆర్డరు తీసెయ్. అందరికీ వంతులవారీగా ఇవ్వు,” అన్నాడాయన చివరికి.

ఆ మాట ఆయన నోటే అనిపించాక ఇష్రత్ మీట నొక్కింది. నిమిషంలో అపర్ణకి పేజీ తెరుచుకుంది.

“అక్కడ మీ చెల్లెలుందని అప్పుడే చెప్పొచ్చుగా?” నాగార్జున గొంతు తగ్గింది.

“ఆర్డరిచ్చిన రోజే చెప్పానండి. చెల్లి పేరెత్తలేదు. ఊరి చివర వాళ్లకి అందదన్నాను. మీరు నవ్వారు.”