క్యాసెట్‌లో గుసగుస

అరకు సంత రోడ్డులో, గాయత్రి నెట్ సెంటర్ ముందు ఒక ముసలాయన గొడుగు వేసుకుని నిలబడిపోయాడు.

వాన లేదు.

"ఏటి తాతా, ఆధార్ పనా?" అంది గాయత్రి.

"కాదమ్మా. పాట."

లోపల పాత టేప్‌రికార్డర్‌లో క్యాసెట్ తిరుగుతోంది. అందులోని పాట వైరు గుండా కంప్యూటర్‌లోకి ఎక్కుతోంది.

"ఇనొచ్చా?"

"వినడానికేం తాతా, కూర్చో."

ఆయన గొడుగు మూసి మెట్టు మీద కూర్చున్నాడు.

ఆ క్యాసెట్ తెచ్చింది కొండ మీది పనసపుట్టు నుంచి ఫల్గుణ. వాళ్ల ఊళ్లో విత్తనాల పండగనాడు పాడే పాట అది. ఒక్కో విత్తనాన్నీ పేరు పెట్టి పిలిచి మరీ మట్టిలోకి పంపే పాట. పాడే సుక్రు పోయి ఇరవయ్యేళ్లయింది. అప్పట్నుంచి ఊరు ఊరంతా నోరు మూసుకునే విత్తనాలు చల్లుతోంది. ముప్పై ఏళ్ల కిందట అక్కడ పనిచేసిన మాస్టారు పట్టిన ఈ క్యాసెట్ ఒక్కటే మిగిలింది.

"పండగ పది రోజులే ఉందండి. మొత్తం పాట పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇవ్వండి. ఈసారన్నా పాటతో చల్లుకుంటాం" అని బతిమాలి వెళ్లాడు ఫల్గుణ.

పాట బాగానే ఉంది. కానీ సుక్రు ప్రతి చరణమూ ఎత్తుకునే ముందు, అతని వెనక నుంచి ఎవరో గుసగుసలాడుతున్నారు. పాడేవాడి పక్కన చేరి కబుర్లు చెప్పే మహానుభావులు ఏ కాలంలోనైనా ఉంటారు కాబోలని గాయత్రి విసుక్కుంది. రోజంతా కూర్చుని ఆ గుసగుసను ఏరి పారేసింది.

మర్నాడు ముసలాయన మళ్లీ వచ్చాడు. గాయత్రి గొప్పగా పాట పెట్టి వినిపించింది.

"ఏటో తగ్గినట్టుందమ్మా" అన్నాడాయన.

"తగ్గలేదు తాతా. శుభ్రం చేశాను."

"ఓహో" అన్నాడు.

పాటలో సామలు వచ్చాయి, కొర్రలు వచ్చాయి. చోళ్ల చరణం, అదే రాగుల చరణం, కాగానే పాట టక్కున ఆగిపోయింది.

"పాట అవ్వలేదు కదమ్మా?"

"క్యాసెట్ అయిపోయింది తాతా. రెండోవైపు తిప్పితే బళ్లో పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు."

"కేసెట్టు అయిపోతే పాట అయిపోద్దేటి?"

గాయత్రికి నవ్వొచ్చింది. బల్ల దగ్గర స్కాలర్‌షిప్ ఫారాలతో నలుగురు తొందరపెడుతున్నారు.

"తర్వాత మాట్లాడదాం తాతా" అంది.

ఆ తర్వాత అనేది రాలేదు.

ఆయన మాత్రం రోజూ వచ్చాడు. కుడి అరచెయ్యి ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని పాట వినేవాడు. పాట ఆగిపోయాక కూడా ఆ చెయ్యి అలాగే ఉంచి ఆమె వైపు చూసేవాడు.

నోరు తెరిచి అడగలేకపోతున్నాడు పాపం, అనుకుంది గాయత్రి. నాలుగో రోజు ఆ చేతిలో ఒక బిస్కెట్ ప్యాకెట్ పెట్టింది.

ఆయన ప్యాకెట్ వంక చూశాడు. ఆమె వంక చూసి చిన్నగా నవ్వాడు.

"ఇది కాదమ్మా."

ప్యాకెట్ బల్ల మీద పెట్టేసి, గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు. పెట్టింది పుచ్చుకోకుండా ఈ బెట్టు ఏమిటని గాయత్రికి కాస్త కోపం కూడా వచ్చింది.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడు పక్క టీ కొట్టు అప్పలస్వామి చెప్పాడు.

"ఆ గొడుగు తాత తెల్లారగట్ల పోనాడమ్మా. నిద్దర్లోనే."

"అయ్యో" అంది గాయత్రి. కనీసం పేరైనా అడగలేదే అని నొచ్చుకుంది. అంతలో ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే ఆ పనిలో పడిపోయింది.

పండగ రెండు రోజులుందనగా ఫల్గుణ తన నాయనమ్మ సోములమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆనాడు సుక్రు వెనకాల వంత పాడిన మనిషి ఆమె. రెండు చరణాలు వినేసరికి మొహం చిట్లించింది.

"సుక్రు గొంతే. మరి అందించీవోడేడమ్మా?"

"అందించేవాడా?"

"సుక్రుకి గొంతుంది గానీ పాట రాదు. ఎనకనించి బుద్రు మెల్లగా మాట అందిత్తే ఈడు ఎత్తుకునీవోడు. పాటంతా బుద్రుదే."

గాయత్రి గబగబా అసలు క్యాసెట్ మళ్లీ పెట్టింది. చరణం ముందు గుసగుస వినబడగానే సోములమ్మ మొహం విప్పారింది.

"ఇదిగో, ఈడే!"

చోళ్ల చరణం అయ్యింది. గుసగుస ఇంకో మాట అందించింది. సుక్రు దాన్ని ఎత్తుకునేలోపే టేపు అయిపోయింది.

"ఇంతేనా? మొత్తం ఉందనుకున్నామే!" అన్నాడు ఫల్గుణ నీరుగారిపోయి.

"ఉందిరా. బుద్రు నోట్లో ఉంది" అంది సోములమ్మ. "పెళ్లాం పోయాక ఊరొదిలేసినాడు. ఇరవయ్యేళ్లయింది. ఈ అరకులోనే కూతురింట ఉన్నాడని మొన్న సంతలో ఎవరో సెప్పినారు. బేగి ఎతకాల."

"కనిపిస్తే... పాడతాడా మామ్మా?" అంది గాయత్రి, బయట ఖాళీ మెట్టు వంక చూస్తూ.

"ఎందుకు పాడడు? కాకపోతే తనంతట తాను అందించకూడదు, అది మా కట్టుబాటు. మనమే సేతిలో గుప్పెడు గింజలు పోసి అడగాల. అందాకా ఏటీ అనడమ్మా, అరసెయ్యి ఒళ్లో ఎల్లకిలా పెట్టుకుని అలాగ కూకునుంటాడు, అంతే."