జలుబు ట్యూబు

“నీళ్లు కలిపావు కదూ?”

పెద్దసారు ట్యూబును ఆమె ముఖం ముందు పెట్టి ఊపాడు. ల్యాబులో అందరూ చేతిలో పనులు ఆపి చుట్టూ చేరారు.

“లేదు సార్,” అంది కొత్తమ్మాయి. చేరి రెండేళ్లు దాటినా ఆమె ఇంకా కొత్తమ్మాయే. పేరు పెట్టి పిలవాల్సిన అవసరం ఎవరికీ పడలేదు.

వాళ్లు తయారు చేసేది ముక్కులో కొట్టుకునే మందు. కంటికి ఆననంత చిన్న రేణువుల్లో మందు నింపి, పైన పాలిమర్ పూత పూస్తారు. ఆ పూత చీమిడికి అతుక్కుని కాసేపు కదలకుండా ఉంటేనే మందు ఒంటికి పడుతుంది. పరీక్షకి అసలు సిసలు చీమిడే కావాలి. అందుకని పొద్దున్నే ఎవరు ముక్కు చీదుకుంటూ వచ్చినా “జలుబా? శుభం!” అని చేతిలో ట్యూబు పెట్టడం అక్కడి అలవాటు. మిగతావాళ్లు ఏదో వంక చెప్పి తప్పించుకునేవాళ్లు. కొత్తమ్మాయి మాత్రం తను ఒంటరిగా ఉండే అద్దె గదిలోనే ట్యూబు నింపి మరీ తెచ్చేది. తెచ్చిన రోజు ఎవరో ఒకరు “ఇంకా తగ్గలేదా?” అని అడిగేవారు. తేని రోజు కిటికీ పక్కన ఒక్కతే టిఫిన్ డబ్బా విప్పుకుని, ఒక్కతే మూసేసేది. పలకరించే దిక్కు లేదు.

“అందరి దాంట్లోనూ రేణువులు బంకలా పట్టుకుంటున్నాయి,” పెద్దసారు గొంతు పెంచాడు. “నీ దాంట్లో ఒక్కటీ నిలవదు. చూడబోతే ఉత్త ఉప్పునీళ్లు! మా కష్టమంతా నీళ్లపాలు చేశావు.”

“ఏమీ కలపలేదు సార్. ఒట్టు.”

“అసలిది జలుబే కాదు సార్,” అందుకున్నాడు మైక్రోస్కోపు అన్నయ్య. “జలుబు చేస్తే కనబడే కణాలు ఒక్కటీ లేవు.”

“అయితే దొంగ జలుబన్నమాట!” వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

“కలిపానని ఒప్పేసుకోవే,” సీనియరక్క చెవిలో గొణిగింది. “క్షమించి వదిలేస్తారు. మొండికేస్తే ఉద్యోగం ఊడుతుంది.”

కొత్తమ్మాయి పెద్దసారు చేతిలోని ట్యూబు వంక చూసింది. ఈ ఉద్యోగమే పోతే, తగ్గిందా అని అడిగే ఆ ఒక్క నోరు కూడా ఉండదు. అయినా చెయ్యని తప్పు ఎలా ఒప్పుకుంటుంది?

“నిజంగా కలపలేదు సార్.”

“సరే, చూద్దాం.” పెద్దసారు ఖాళీ ట్యూబు ఆమె చేతిలో పెట్టాడు. “ఇప్పుడే, మా అందరి ముందూ ఇవ్వు. అచ్చం ఇలాగే ఉంటే నాదే తప్పంటాను. లేదంటే రేపట్నుంచి రానక్కర్లేదు.”

ఆమె ట్యూబును ముక్కుకి ఆనించి చీదింది. బొట్టు రాలేదు. సీనియరక్క జాలిపడి భుజం మీద చెయ్యి వేసింది. అన్నయ్య కుర్చీ లాగి కూర్చోమన్నాడు. ఇంతమంది తన వంకే చూస్తూ నిలబడటం ఆమె ఎన్నడూ ఎరగదు. భయంగానే ఉంది, కానీ ఎందుకో బాగానూ ఉంది. మళ్లీ చీదింది. ముక్కు పొడిగానే ఉంది.

“ఏం, రావట్లేదా?”

కొత్తమ్మాయి తల వంచుకుంది.

“ఇలా ఇంతమంది నా చుట్టూ ఉంటే ఏడుపు రాదు సార్. గదికెళ్లి ఒక్కదాన్నే తలుపేసుకుంటే, పొద్దుటికల్లా ట్యూబు నింపి తెస్తాను.”