జపానులో చెరకు

"సదువు బాబూ, గట్టిగా సదువు. ఎనకాల సన్యాసమ్మకి వినపడొద్దేటి?" అంది అప్పలనరసమ్మ, అరుగు మీద కాళ్ళు బారజాపుకుని.

బంగార్రాజు పళ్ళు కొరికాడు. ఇంట్లో చదువొచ్చినవాడు తనొక్కడే కావడం అతని ఖర్మ. వదినగారి కూతురు రాసిన ఉత్తరాన్ని, వీధి ఆడవాళ్ళందరి ఎదుటా తనే చదివిపెట్టాలి.

ఆ కూతురు కనకమహాలక్ష్మి. తన బావమరిదికిచ్చి చేస్తానని బంగార్రాజు నలుగురిలో మాటిచ్చిన పిల్ల. రెండేళ్ళ కిందట లేచిపోయింది. అదీ ఎవడితో? ఊరి బయట పేటవాడు పరదేశితో. యుద్ధమయ్యాక పటాలంతో పోయి, ఏడాది జపానులో ఉండొచ్చినవాడు. మళ్ళీ అక్కడే ఏదో పని దొరికిందట. పిల్లని కూడా ఓడెక్కించేశాడట.

"కనపడితే ఇద్దర్నీ నరికెత్తాను" అని బంగార్రాజు ఆనాడే చెరకు నరికే కత్తిని దూలానికి వేలాడదీశాడు. తుప్పు పట్టనివ్వలేదు. నెలకోసారి నూరుతున్నాడు.

"అమ్మా, నేను క్షేమం" అని చదివాడు. "ఇక్కడ గడపలోనే చెప్పులు విడవాలి, మనలాగే. ఉత్తరం దిక్కుకి తల పెట్టి పడుకోకూడదు, మనలాగే. మూడు పూటలా అన్నమే. కారం మాత్రం ఉండదు. రెండు పుల్లలతో తినాలి. ఆ పుల్లలు అన్నంలో నిలువుగా గుచ్చకూడదు, అది చచ్చినవాళ్ళకి పెట్టే కూడట. కొత్తలో తెలీక గుచ్చేసేను. పక్కింటావిడ కెవ్వుమంది. ఇప్పుడావిడే నాకు చేపలు తెచ్చిపెడతంది. మోకాళ్ళ మీద కూచోడం కూడా వచ్చేసింది."

"నాకు జపాను పడదమ్మా! వారం వారం వడ్డాది పేటలో ముసిల్ది పసరు కడితేనే వంగుతున్నాయి ఈ మోకాళ్ళు" అంది అప్పలనరసమ్మ. ఆడవాళ్ళు ఘొల్లుమన్నారు.

"పేటోడి కూడు తింతంది. నవ్వడానికి సిగ్గు లేదేటి వదినా?"

"నాకెందుకురా సిగ్గు? ఎవలికీ తల వంచకుండా బతుకుతంది నా గుంట. కానియ్, సదువు."

"మొన్న గాలివానకి ఇక్కడ చెరకంతా పడిపోయింది..."

బంగార్రాజు ఆగిపోయాడు. ఆ వాక్యం మళ్ళీ చదివాడు, ఈసారి లోపల్లోపల.

"జపానులో చెరకేటి?"

అతను కవరు తిప్పి చూశాడు. విశాఖపట్నం ముద్ర.

"ఓడలో వచ్చే మనిషెవడో తెచ్చి అక్కడ డబ్బాలో ఏత్తన్నాడన్నావు. ఇన్నాళ్ళూ నమ్మేను. జపానూ లేదు, గిపానూ లేదు. ఇశాపట్నంలోనే కాపరం పెట్టేరు!"

ఒక్క అంగలో లోపలికెళ్ళి కత్తి దించాడు.

"జపాను ఎళ్ళొచ్చిన ఇంజనీరుగారికి సూపిత్తాను. అబద్ధమని ఆయన అన్నాడా, రేపు మొదటి బస్సుకే నేనూ, ఈ కత్తీ!"

అప్పలనరసమ్మ లేచింది. మోకాళ్ళు పట్టుకోకుండానే లేచింది.

"పద, నేనూ వస్తన్నాను. నిజమని తేలితే మటుకు ఆ కత్తి నూతిలో పడాలి. ఒసే సన్యాసమ్మా, మీరందరూ సాచ్చికం."

"అలాగే, పడేత్తాను!" అన్నాడు బంగార్రాజు.

కొత్తగా కడుతున్న పంచదార ఫ్యాక్టరీలో యంత్రాలు బిగించడానికి వచ్చిన వేంకటరమణమూర్తి వీధి చివర అద్దెకుంటున్నాడు. ఆర్నెల్లు జపానులో పని నేర్చుకుని వచ్చినవాడు. వాకిట్లోకి వచ్చిపడ్డ జనాన్నీ, కత్తినీ చూసి ముందు హడలిపోయాడు. తర్వాత కళ్ళజోడు పెట్టుకున్నాడు. చదువుతూ చదువుతూ నవ్వేశాడు.

"ఆ పుల్లలు నేనూ గుచ్చానయ్యా! నాకూ ఇవే చీవాట్లు. ఈ అమ్మాయెవరో గానీ అక్షరం పొల్లుపోలేదు."

"మరి చెరకు బాబూ?"

ఇంజనీరు గడ్డం గోక్కున్నాడు. అప్పలనరసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేనున్న చోట లేదు..." అన్నాడాయన.

బంగార్రాజు పిడికిలి బిగుసుకుంది.

"...కానీ దక్షిణాన కొన్నిచోట్ల వేస్తారు. గాలివానలు కూడా అటే జాస్తి. ఈ అమ్మాయి ఆ పక్కనెక్కడో ఉండుంటుంది."

అప్పలనరసమ్మ కత్తి కోసం చెయ్యి చాపింది. బంగార్రాజు ఇవ్వలేదు. ఆమె చాపిన చెయ్యి దించలేదు. వీధంతా చూస్తోంది. చివరికి ఇచ్చాడు.

నూతిలో బుడుంగుమన్న చప్పుడు నాలుగిళ్ళకి వినిపించింది.

మర్నాడు వడ్డాది సంత. ఎప్పటిలాగే బంగార్రాజే బండి తోలాడు. నెయ్యి అమ్మడం అయ్యాక, వదినగారు ఓ చిన్న గిన్నె మిగుల్చుకుని పసరు కట్టించుకోవడానికి పేటకి బయల్దేరింది. ఎప్పటిలాగే అతను పేట మొదట్లోనే ఎడ్లని నిలిపేశాడు. అక్కడి గాలి సోకినా మైల అనుకునే వంశం. ముత్తాతల నాటినుంచీ ఒక్కడూ అందులో కాలు పెట్టి ఎరగడు.

"తొందరగా వచ్చెయ్ వదినా" అని చుట్ట ముట్టించి, పక్క బండివాడికి జపాను సంగతులు చెప్పడం మొదలెట్టాడు.

పేట చివరి పాకలో అప్పలనరసమ్మ, నేతి గిన్నె అల్లుడు పరదేశి చేతికిచ్చి, కూతురి నెత్తిన ఠంగుమని ఒక్క మొట్టికాయ వేసింది: "ఒసే గుంటా, వడ్డాది గాలివానకి పడిన చెరకుని జపానులో పడెయ్యమని నీకెవలు సెప్పేరే?"